"వాడికి చెప్పబాకండి" అనే మిలట్రీ ఇళ్ళోళ్ళకి ఒక బహిరంగ లేఖ

పొదిలి, దర్శి, కనిగిరి, గిద్దలూరు చుట్టుపక్కల ఊళ్ళల్లో మిలట్రీలో పిల్లోళ్ళున్న అమ్మలకి, నాయనలకి, అక్కలకి, వదినలకి, ఆ పిల్లోళ్ళ అత్తామామలకి కూడా నమస్కారం.

నేను ఈఎంఈలో (ఆర్మీ బండ్లు, సామాన్లు బాగుచేసే విభాగం) ఇరవై నాలుగేళ్ళు బండ్ల మెకానిక్‌గా చేసి హవల్దారుగా దిగొచ్చినోణ్ణి. మాది పొదిలి దగ్గరే. పేరెందుకులే, ఈ చుట్టుపక్కల తెలిసినోళ్ళకి రెండో పేరా చదివేసరికే నేనెవరో తెలిసిపోద్ది.

మొన్న ఆదివారం మా అక్కోళ్ళింటికి పోయినా. అక్క కొడుకు యూఎన్ (ఐక్యరాజ్యసమితి) మిషన్ మీద సౌత్ సూడాన్‌లో మలకల్ కాడ ఉన్నాడు, పోయి నాలుగు నెలలు. పోయేసరికి మా అక్క అత్త, అంటే వాడి జేజి, మంచం మీద ఉంది. బాత్‌రూంలో జారి పడితే తుంటి ఎముక విరిగిందంట, ఆపరేషన్ చేయించి తీసుకొచ్చి పది రోజులైందంట. వాణ్ణి చిన్నప్పుడు పెంచింది ఆమే, అక్కాబావా పొలం పోతే వాడు పగలంతా ఆమె కొంగు పట్టుకునే తిరిగేవాడు. అక్కా, వాడికి చెప్పారా అని అడిగా. "అబ్బే, చెప్పబాక తమ్ముడా, ఆడ తుపాకి పట్టుకోని ఉంటాడు, ధ్యాస తప్పుద్ది, వచ్చినాక చూసుకుంటాళ్ళే" అంది. బావ కూడా తలూపాడు. మరి ఫోన్ చేసినప్పుడు జేజి ఏదంటే ఏం చెప్తన్నారు అన్నా. నిద్రపోయింది అంటన్నారంట. పది రోజుల్నించీ ఆమె రాత్రి ఎనిమిదిన్నరకి నిద్రపోతానే ఉంది!

ఆ మాట విన్నాక అక్కడ కాఫీ కూడా తాగబుద్ధి కాలా. ఇంటికొచ్చి ఇది రాస్తన్నా. మా అక్క ఒక్కదానికే అయితే ఫోన్లోనే చెప్పేవాణ్ణి, కానీ ఇది మనందరిళ్ళల్లో జరిగేదే.

2018 అక్టోబర్‌లో నన్ను కూడా యూఎన్ మిషన్ మీదే కాంగో పంపించారు. తూర్పు కాంగోలో గోమా అని టౌను, కివు సరస్సు ఒడ్డున ఉంటది, మన ఇండియన్ బ్రిగేడ్ అక్కడే. ఒక ఏడాది టెన్యూరు. పోయేముందు ఎల్లో ఫీవర్ ఇంజెక్షన్, లెక్చర్లు, నీలం టోపీ, ఇవన్నీ అయినాక ఉగాండాలో ఎంటెబ్బే మీదగా తీసుకపోయినారు. డ్యూటీ సంగతి నేను చెప్పను, చెప్పకూడదు కూడా. డ్యూటీ అయిపోయినాక సంగతి చెప్తా, ఎందుకంటే అసలు కష్టం అక్కడే ఉంది, అది ఇంట్లో ఎవురూ అడగరు.

సాయంత్రం అయిదుకి వర్క్‌షాపు మూసేస్తే ఇంక నీకు పనేం లేదు. బయటికి పోదామంటే కుదరదు, యూఎన్‌లో ఎక్కడికి పోవచ్చు ఎక్కడికి పోకూడదు అన్నీ లెక్కే, పర్మిషన్ ఉండాలి, గుంపుగానే పోవాలి, చీకటి పడేలోపు లోపలుండాలి, ఫలానా వీధులు ఔటాఫ్ బౌండ్స్ అని బోర్డు మీద రాసి పెడతారు. (ఆడ ఏం తిరుగుతన్నాడో ఏందో అని అనుమానపడే వదినలు ఇది రెండుసార్లు చదువుకోండి.) వాలీబాల్ ఒక గంట. గుడ్డలుతుక్కోవడం. ఆదివారం మా తెలుగోళ్ళం ఆరుగురం లంగర్ (వంటశాల) వెనక చేరి, ఆ సరస్సులో దొరికే సంబాజా అని చిన్న చేపలు, అచ్చం మన నెత్తళ్ళలాగే ఉంటయ్, ఇంటి నుంచి మూటకట్టుకోని పోయిన చింతపండు పెట్టి పులుసు కాచుకునేవాళ్ళం. ఆ ఊరంతా నల్ల లావా రాళ్ళే, గోడలు కూడా వాటితోనే కడతారు. చుకుడు అని చెక్కతో చేసిన పెద్ద స్కూటర్లుంటయ్, ఇంజిన్ ఉండదు, బంగాళాదుంప బస్తాలు నాలుగైదు వేసుకోని వాలులో సర్రున దిగతారు, మెకానిక్‌ని కదా, నాకు వాటిని చూస్తుంటే భలే సరదాగా ఉండేది.

ఊరికి ఉత్తరాన నైరాగొంగో అని అగ్నిపర్వతం. 2002లో అది పగిలితే లావా టౌను మధ్యలోంచి పారి సరస్సులో పడింది, మళ్ళీ 2021 మేలో ఒకసారి పగిలింది. నేనున్నప్పుడు పగల్లేదు గానీ రాత్రయితే దాని నెత్తిన మేఘాలకి ఎర్రటి వెలుగు తగులుతా ఉండేది. అందరూ ఫోటోలు తీసుకునేవాళ్ళు. నాకు మాత్రం అది చూస్తే జనవరిలో రాత్రిపూట రోడ్డు మీద నుంచి కనపడే మా పొగాకు బ్యారన్ (ఆకు కాల్చే కొట్టం) పొయ్యి గుర్తొచ్చేది. నాయన దాని ముందు నులకమంచం వేసుకోని, గంటకోసారి లేచి వేడి చూసి కట్టె ఎగదోస్తా ఉండేవాడు.

ఇంక ఫోన్. గోమాకి మనకి మూడున్నర గంటలు తేడా, మనం ముందు. అక్కడ అయిదింటికి నేను ఖాళీ అయితే ఇక్కడ ఎనిమిదిన్నర. మా అమ్మ తొమ్మిదిన్నరకల్లా పడుకుంటది. అంటే రోజు మొత్తంలో నాకున్నది ఒక గంట, ఆ గంటలోనే స్నానం, ఆ గంటలోనే క్యాంపులో అందరూ వైఫై మీద పడేది, వీడియో బొమ్మ బిగుసుకోని సగం మొహం ఆగిపోద్ది, మాట మాత్రం వస్తది. గార్డు డ్యూటీ పడితే ఆ రోజు అదీ లేదు. (ఎయిర్‌టెల్ ఆఫ్రికాలో కూడా ఉంది కదా అని ఇక్కడి సిమ్ వేసుకోని పోయి బిల్లు చూసి ఏడ్చిన కుర్రోణ్ణి ఒకణ్ణి చూశా, ఆడ సిమ్ ఆడే కొనుక్కోవాలి.)

ఇప్పుడు అసలు విషయం. మనోడు ఫోన్లో ఏం చెప్పగలడు? ఎక్కడున్నాడో చెప్పకూడదు, రేపు ఎక్కడికి పోతాడో చెప్పకూడదు, ఏం చూశాడో చెప్పకూడదు. తిన్నావా తిన్నా, బాగున్నావా బాగున్నా. అయిపోయింది. కాబట్టి మాటలన్నీ మన ఇంటి వైపు నుంచే రావాల. గేదె ఈనిందా, మోటారు కాలిపోయిందా, పక్కింటోళ్ళు గట్టు జరిపారా, చిన్నదానికి ఎన్ని మార్కులొచ్చినయ్, ఎవురు ఎవురితో పోట్లాడారు. వాడు ఆ మాటలన్నీ ఏరుకోని పక్క మీద పడుకోని అక్కడ ఒక ఇల్లు కట్టుకుంటాడు. రోజూ కట్టుకుంటాడు. మీరు అందులోంచి చెడ్డదంతా తీసేసి మంచిదే పంపిస్తే, వాడు కట్టుకున్న ఇంటికీ మీరు కాపరముండే ఇంటికీ పోలికే ఉండదు.

2019 ఫిబ్రవరి నెలాఖర్లో ఒక రోజు ఫోన్ చేస్తే నాయన ఏడమ్మా అన్నా. బ్యారన్ కాడ ఉన్నాడురా అంది. నిజమే అనుకున్నా, ఆ రోజుల్లో మా నాయన ఇంటికొచ్చేదే అన్నానికి. మర్నాడూ బ్యారన్ కాడే. ఆ వారమంతా బ్యారన్ కాడే. మార్చిలో మాకు మెడల్ పరేడ్ అయింది, యూఎన్‌లో తొంభై రోజులు చేస్తే ఒక మెడల్ ఇస్తారు, అది గుండెకి పెట్టుకోని దిగిన ఫోటో పంపి నాయనకి చూపించారా అంటే, "ఆఁ చూశాడు, మురిసిపోయినాడు, అందరికీ చూపిస్తన్నాడు" అని మా ఇంటామె చెప్పింది. అంత బాగా చెప్పింది. తర్వాత తెలిసింది, ఆ రోజుకి నాయన ఒంగోల్లో ఆసుపత్రి మంచం మీద ఎడం పక్కంతా పడిపోయి ఉన్నాడు. రాత్రిపూట పొయ్యిలో కట్టె తోస్తా తోస్తానే పక్కకి ఒరిగిపోయినాడంట, పొద్దున పాలోడు చూసిందాకా ఎవురికీ తెలవదు.

ఏప్రిల్‌లోనూ బ్యారన్ కాడే. అప్పటికి నాకు కడుపులో ఏదో తేడా కొడతా ఉంది గానీ, పైకి అడగలా. మే నెల వచ్చింది. నాయన ఏడమ్మా. "బ్యారన్ కాడ ఉన్నాడురా."

అమ్మా, మే నెల్లో ఏ బ్యారన్ కాలుద్దే?

పొగాకు రైతు కొడుకుని. డిసెంబర్ ఆఖర్లో మొదలై మార్చి, మహా అయితే ఏప్రిల్ మొదట్లో ఆకు అయిపోద్ది. మే నెలకి బ్యారన్‌లో కుక్కలు పడుకోనుంటయ్, రైతులంతా బేళ్ళు వేసుకోని వేలం కేంద్రం కాడుంటారు. పాపం మా అమ్మకి అబద్ధం చెప్పడం అలవాటు లేదు, ఒక్కటే నేర్చుకుంది, అది సీజను దాటినా మార్చడం తెలవలా. ఆ మాట అనంగానే ఫోన్లో ఏడుపు వినపడింది, నెట్ పోయింది.

మళ్ళీ లైన్ కలిసిందాకా ఒక రాత్రి, ఒక పగలు. ఆ పగలు నేను వర్క్‌షాపులో ఒక లారీకి వెనక చక్రం వేసి, నట్లు చేత్తో పెట్టి, స్పానర్‌తో బిగించకుండా అట్టే వదిలేసి పోయినా. ఇరవై రెండేళ్ళ సర్వీసులో మొదటిసారి. పొద్దున ఫస్ట్ పరేడ్‌లో, అంటే బండి తీసేముందు చేసే చెకింగ్‌లో, డ్రైవర్ చూశాడు కాబట్టి సరిపోయింది, మంచోడు, తమిళనాడు వాడు, రిపోర్టు చెయ్యకుండా నన్ను పక్కకి పిలిచి "ఏమైంది అన్నా" అన్నాడు. చూడకుండా ఆ కొండ రోడ్డులో బండి తోలుంటే? అందులో వెనక పదిహేను మంది కూర్చునేవాళ్ళు.

తెలిస్తే ధ్యాస తప్పుద్ది అంటారు కదా. నాకు తెలిసినాక తప్పలా. తెలిసీ తెలవనప్పుడే తప్పింది. తెలిసినాక ఏం చేశానో చెప్తా, సుబేదార్ సాబ్ కాడికి పోయి చెప్పా, సీవో సాబ్ (యూనిట్ పెద్దాఫీసరు) పిలిచి కూర్చోబెట్టి మాట్లాడాడు, లీవు కాయితం రాశారు, ఫ్లైటు దొరకడానికి, నా పని వేరేవోడికి అప్పజెప్పడానికి కొన్ని రోజులు పట్టింది, ఆ రోజులన్నీ నేను శుభ్రంగా తిని పడుకోని పని చేశా. ఏం జరిగిందో తెలిసినోడు దానికి తగ్గట్టు సర్దుకుంటాడు. సోల్జర్‌కి నేర్పేదే అది.

ఇంటికొచ్చేసరికి నాయనకి మాట లేదు. ఏప్రిల్ నెలాఖర్లో రెండోసారి పక్షవాతం వచ్చిందంట. మొదటిసారికీ రెండోసారికీ మధ్య రెండు నెలలు ఆయనకి మాట ఉంది, ముద్దముద్దగా వచ్చేదంట, కానీ వచ్చేది. "పెద్దోడికి ఫోన్ కలపండి" అని రోజూ అడిగాడంట. మాట తేడాగా ఉంది, వాడు గుర్తుపడతాడు అని వీళ్ళు కలపలేదు. నేను ఆడ మూడున్నర గంటల దూరంలో ఫోన్ పట్టుకోని నాయన ఏడని అడుగుతన్నా, ఆయన ఈడ మంచం మీద నుంచి నన్నే అడుగుతన్నాడు, మధ్యలో మా ఇంటోళ్ళు, ఇద్దరి మీదా ప్రేమతోనే.

నేను ఎవురినీ తిట్టలా. అమ్మనేం తిడతాం. నాయన ఇంకో ఏడాదిన్నర బతికాడు, కుడి చెయ్యి పట్టుకుంటే నొక్కేవాడు. ఆ ఫిబ్రవరి మొదట్లో పంపిన వాయిస్ మెసేజ్ ఒకటుంది నా ఫోన్లో, పదకొండు సెకన్లు. "ఆడ వానలు పడతన్నయ్యా? ఈడ లేవు" అని. నేను దానికి జవాబు పెట్టడం మర్చిపోయినా.

మీకు వచ్చే డౌటు నాకు తెలుసు. ఆడ నిజంగా ప్రమాదం కదా, 2013 ఏప్రిల్‌లో సౌత్ సూడాన్‌లోనే జోంగ్లెయ్ అనే చోట కాన్వాయ్ మీద దాడి చేస్తే మనోళ్ళు అయిదుగురు పోయినారు కదా, అట్టాంటి చోట ఉన్నోడికి జేజి తుంటి విరిగింది అని ఎట్టా చెప్పేది? నిజమే, నేను కాదనను. అందుకే అడ్డదిడ్డంగా చెప్పమనటంలా. వాడు గార్డుకి పోయే ముందు చెప్పబాకండి, డ్యూటీ దిగిందాకా ఆగండి. ముందు ఏడవబాకండి, ముందు విషయం చెప్పండి, ఆసుపత్రిలో ఏమన్నారో చెప్పండి, ఇప్పుడు ఎవురు చూసుకుంటన్నారో చెప్పండి, ఆ తర్వాత కావాలంటే ఇద్దరూ కలిసి ఏడ్చుకోండి. మరీ సీరియస్ అయితే యూనిట్‌కి చెప్పండి. వాడి ఆర్మీ నంబరు, ర్యాంకు, యూనిట్టు పేరు, ఇండియాలో ఉండే రియర్ పార్టీ (యూనిట్‌లో ఇక్కడ ఉండిపోయినోళ్ళు) ఫోన్ నంబరు, ఇవి ఇంట్లో గోడ మీద క్యాలెండర్ పక్కన రాసి పెట్టుకోండి. ఎంతమంది ఇళ్ళల్లో ఉందో చెప్పండి చూద్దాం, కొడుకు ఏ యూనిట్టో కూడా తెలవని నాయనలున్నారు మన దగ్గర. ఏం చెయ్యాలో తెలవకపోతే ఒంగోల్లో సైనిక సంక్షేమ ఆఫీసుంది, పోయి అడగండి. ఆసుపత్రి కాయితాలు పారెయ్యబాకండి, లీవుకి అవి అడుగుతారు.

అడిగేదానికి ఒక కారణం ఉందిలే. వెనకటికి మన ఇళ్ళోళ్ళ అబద్ధం ఉల్టా ఉండేది. "ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అని టెలిగ్రాం కొట్టేవాళ్ళు, తీరా చూస్తే నాయన కల్లు తాగి అరుగు మీద కూర్చోనుంటాడు, ఇంట్లో పెళ్ళో, కోతలో, పిల్లని చూడటమో. యూనిట్‌లో క్లర్కు ఆ టెలిగ్రాం చూసి నవ్వేవాడు, నిజంగా సీరియస్ అయినోడిక్కూడా ఆ నవ్వే. 2013 జూలైలో టెలిగ్రామే తీసేశారు. అప్పుడు లేని రోగం ఉందన్నాం, ఇప్పుడు ఉన్న రోగం లేదంటన్నాం.

మా పెదనాయన 1987లో శాంతి సేనలో శ్రీలంక పోయినాడు. మిలట్రీ అడ్రసులో ఊరి పేరుండదు, నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్టు, కేరాఫ్ 56 ఏపీవో (ఆర్మీ పోస్టాఫీసు), అంతే. పెద్దమ్మకి చదువు రాదు, బళ్ళో అయ్యోరి చేత రాయించేది. ఆ అయ్యోరు అన్నీ రాసేవాడంట, దూడ చచ్చిపోయింది, అప్పులోళ్ళు వచ్చి అరిచారు, పిల్లోడికి ఆటలమ్మ పోసింది, అన్నీ. ఆ ఉత్తరాలు పెదనాయన పెట్టెలో ఇంకా ఉన్నయ్. చదివితే అప్పటి మా ఇల్లు కళ్ళముందు కనపడద్ది. నేను కాంగోలో ఉన్న ఏడాది వాట్సాప్ చాట్ తీసి చదివితే మాత్రం మా ఇంట్లో ఏమీ జరిగినట్టే ఉండదు, పొద్దున ఒక గులాబీ, రాత్రి ఒక చందమామ.

డాలర్ల సంగతి కూడా ఒక ముక్క చెప్పి పోతా, ఎందుకంటే ఫోన్లో ఉన్న ఆ గంటలో సగం దీనికే పోద్ది. యూఎన్ మన గవర్నమెంటుకి ఒక్కో సోల్జర్‌కి నెలకి ఇంత అని కడతది, 2018 జూలై నుంచి అప్పట్లో అది 1,428 డాలర్లు ఉండేది. ఆ నంబరు ఎవురో మా బావమరిదికి చెప్పారు, వాడు డెబ్బైతో గుణించి లక్ష రూపాయలు అని ఊరంతా చెప్పాడు. అది గవర్నమెంటుకి పోద్ది, మన చేతికి రాదు. యూఎన్ నేరుగా సోల్జర్ చేతికి ఇచ్చేది రోజుకి 1.28 డాలర్లు, అంటే అప్పటి లెక్కన తొంభై రూపాయలు. లీవు రోజులకి ఇంకొంచెం ఉంటది. మన గవర్నమెంటు విదేశీ అలవెన్సు వేరేగా ఇస్తది, అది ర్యాంకుని బట్టి, మంచిగానే ఉంటది, కాదనను, మా ఇంటికి స్లాబ్ పడింది దాంతోనే. కానీ పొదిల్లో ప్లాటు ఉంది, చీటీ పాడతావా, మా వాడికి బండి, అని వాడికి ఉన్న ఒక్క గంటలో మొదలుపెట్టబాకండి. నిజం దాచేదేమో రోగం గురించి, అడిగేదేమో డబ్బు గురించి, ఇదేం పద్ధతి?

స్టేటస్‌లు కూడా. మా ఆయన ఫలానా చోట ఫలానా క్యాంపులో అని ఫోటోలు పెట్టబాకండమ్మా. 2020 జూలైలో ఆర్మీలో 89 యాప్‌లు ఫోన్లోంచి తీసెయ్యమన్నారు, ఫేస్‌బుక్ కూడా అందులో ఉంది. వాడు తీసేస్తాడు, మీరు పెడతారు, వాడు సంజాయిషీ రాసుకుంటాడు.

ఇంత చెప్పినోణ్ణి, నా సంగతి కూడా చెప్పాలిగా. లీవు అయిపోయి జూన్‌లో మళ్ళీ గోమా పోయినా. పోయేముందు ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి ఇంక ఏదీ దాచొద్దు అని ఒట్టు వేయించుకున్నా. అప్పటికే ఆ రాష్ట్రంలో ఎబోలా దాదాపు ఏడాది నుంచి ఉంది, గేటు కాడ జ్వరం చూసేవాళ్ళు, క్లోరిన్ నీళ్ళతో చేతులు కడగాల, షేక్‌హ్యాండ్ బంద్. జూలైలో గోమా టౌన్లోనే ఒక కేసు బయటపడింది. మా అమ్మ టీవీలో చూసి, "ఏందిరా ఆ రోగం, మీ ఊరి పేరే చెప్తన్నారు" అని అడిగింది. నేను ఏమాత్రం తడుముకోకుండా "అది మా కాడ కాదమ్మా, చానా దూరం" అన్నా.

కాసేపు ఏం మాట్లాడలా. తర్వాత అంది, "మే నెల్లో బ్యారన్ లాంటిదా రా?"

ఆ రోజు నెట్ బాగుంది, మొహం చక్కగా కనపడతా ఉంది. ఇద్దరికీ నవ్వొచ్చింది, ఇంక అంతా చెప్పేశా, క్లోరిన్ నీళ్ళకి చేతులు పగిలిన సంగతి కూడా. ఆమె మర్నాటి నుంచి చేతులు కడిగావా అని అడగడం మొదలుపెట్టింది, వచ్చిందాకా మానలేదు. కాబట్టి యూనిఫాంలో ఉన్న తమ్ముళ్ళు ఎవురైనా ఇది చదివితే, మీరు కూడా. డ్యూటీ సంగతి చెప్పొద్దు. జ్వరమొస్తే జ్వరమని చెప్పండి.

అక్కా, ఇది నువ్వు చదవ్వు, పిల్లెవురైనా చదివి వినిపిస్తారు. రేపు రాత్రి ఎనిమిదిన్నరకి వాడు ఫోన్ చేస్తాడు, మలకల్‌లో కూడా అదే మూడున్నర గంటల తేడా. నేను ఎనిమిదింటికి వస్తా. జేజి వెనకాల ఇంకో దిండు పెట్టి కొంచెం పైకి కూర్చోబెట్టు, కళ్ళద్దాలు పెట్టు, ఫోన్ నువ్వు తియ్యబాక, ఆమె చేతికే ఇవ్వు.

ఇట్లు
పొదిలి దగ్గర ఒక రిటైర్డ్ హవల్దారు